ఖర్చులతో సహా

మొన్న నెల్లూరు నుంచి మనవరాలు ఫోను చేసింది. వకీలుగా అది వాదించిన మొదటి సివిల్ దావా గెలిచిందట. "ఖర్చులతో సహా డిక్రీ వచ్చింది జేజీ!" అని ఒకటే సంబరం. నాకూ సంతోషమే. కానీ ఆ మాట చెవిన పడేసరికి పచ్చిగడ్డి, పేడ కలిసిన కొట్టం వాసన ముక్కుకు తగిలింది. "అవతలివాళ్లు ఎవరే?" అని అడిగాను. దానికి అది ముఖ్యమనిపించలేదు. జడ్జిగారు ఏమన్నారో చెప్పుకుంటూ పోయింది.

యాభైల చివర్లో నేను వాకాడు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చేనాటికే మా మామగారికీ, ఆయన అన్నగారికీ గూడూరు కోర్టులో దావా నడుస్తోంది. మా చేను మీదుగా తన చేలోని కొట్టానికి దారి ఉందని పెద్దమామ దావా వేశారు. అసలు దారే లేదని మా మామగారి వాదన. వాయిదా రోజున మాత్రం ఇద్దరూ ఒకే బండిలో వెళ్లి బస్సెక్కేవారు. ఇద్దరికీ కలిపి ఒకే క్యారియరు. అందులో పులిహోర, మజ్జిగ మిరపకాయలు సర్దేదాన్ని నేనే. వాదికి మిరపకాయలు ఎక్కువ పెట్టానని ప్రతివాది ఓసారి నా మీద అలిగారు కూడా. దావా వేసుకున్నవాళ్లు ఇంత కలిసిమెలిసి ఉండడం మా పుట్టింటి వైపు నేనెరగను.

తీర్పు పెద్దమామ వైపు వచ్చింది. దారి ఉందన్నారు, పైగా ఖర్చులతో సహా డిక్రీ ఇచ్చారు. అంటే పెద్దమామ కట్టిన కోర్టు స్టాంపులు, కోర్టు ఒప్పిన మేరకు ప్లీడరు ఫీజు, సాక్షుల బత్తా, అన్నీ ఓడినవాడే ఇచ్చుకోవాలి. మామగారు దారి గురించి బాధపడలేదు. "దారిదేముందమ్మా, నడిచేది మా అన్నే గదా. నన్ను అబద్ధాలకోరన్న ప్లీడరుకు నేనే ఫీజు కట్టాలా?" అన్నారు. కట్టలేదు. ఆయన మొండితనం ఊరందరికీ తెలుసు. పెద్దమామ అంతకు రెండాకులు ఎక్కువే చదివారు. వసూలుకు మళ్లీ కోర్టుకెక్కారు. కోర్టు అమీనా వచ్చి మా పాడిబర్రెను జప్తు చేశాడు. వేలం దాకా మేపే పూచీ తీసుకుని పెద్దమామ దాన్ని తన కొట్టానికి తోలుకుపోయారు. రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. బర్రె పోతుందన్న దిగులు కంటే, ఇక ఆ క్యారియరు సర్దే పని ఉండదన్న దిగులే నాకు ఎక్కువైంది.

అది దూడ చచ్చిన బర్రె. మామగారి చెయ్యి తగిలితే తప్ప చేపదు, పాలు దించదు. పెద్దమామ పాలు పిండబోతే చెంబును తన్ని పారేసిందట. మర్నాటికి పొదుగు గట్టిపడి, దాని అరుపులు మా వసారాలోకి వినిపించాయి. మామగారు అన్నం ముందు కూర్చుని లేచారు, మళ్లీ కూర్చున్నారు. చివరికి చెంబు తీసుకుని బయల్దేరారు. చుట్టూ తిరిగి పోయే ఓపిక లేక తిన్నగా ఆ చేలో దారినే పోయారు. అక్కడ దారి లేదని కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మనిషి! తవుడు గిన్నె పట్టుకుని వెనకాలే నేను.

కొట్టం ముందు పెద్దమామ నిలబడి ఉన్నారు. "ఈడ దారే లేదంటివే, ఎట్టా వచ్చినావురా?"

"బర్రె పిలిస్తే వచ్చినా, అన్నా," అని మామగారు పొదుగు దగ్గర గొంతుక్కూర్చున్నారు.

పెద్దమామ నవ్వలేదు. పొదుగు కడగడానికి నీళ్లు ముంచి అందించారు. తర్వాతి వాయిదాకు ఒక్కరే గూడూరు వెళ్లి, పైసా పుచ్చుకోకుండానే ఖర్చులు ముట్టాయని రాయించి వచ్చారు. ఆ సాయంత్రం బర్రెను తనే తోలుకొచ్చి మా గుంజకు కట్టారు.

మర్నాటి నుంచి పొద్దున్నే ఒక చెంబు పాలు ఆ దారిన పెద్దమామ కొట్టానికి మోసేదాన్ని. "ఖర్చులు ఎప్పటికి తీరతాయి మామా?" అని ఓసారి మామగారిని అడిగాను. "లెక్క ఎవురు పెట్టినారమ్మా, పోయిరా" అన్నారు. కొన్నేళ్ల తర్వాత పెద్దమామ పోయిన మర్నాడు కూడా అలవాటుగా చెంబు నింపి నా చేతికి ఇవ్వబోయి, ఆగి, దాన్ని పట్టుకుని అక్కడే కూలబడ్డారు.

ఇదంతా మనవరాలికి ఫోనులో చెప్పలేదు. ఆ ఖర్చులు ఎవరివో కోర్టు ఒక్క పూటలో తేల్చింది. వాటిని తీర్చుకోవడానికి మా మామగారికి అన్నగారి ఆయుష్షు సరిపోలేదు.