నాయకుడి జీపు పికప్ పరీక్ష

ఫ్యాక్షన్ రోజుల్లో నేను ప్రొద్దుటూరులో జీపుల మెకానిక్‌ని. ఒక పార్టీ నాయకుడు తన జీపు తలుపులకు తూటాలు దూరకుండా ఇనుప రేకులు వేయించుకుని, పికప్ తగ్గిందని నా మీద పడ్డాడు.

"ఇంజన్లో ఉండే పవరు చక్రానికి రాకుండా యాడికి పోతాందిరా?"

"గేరుబాక్సులో, వెనక ఇరుసులో కొంచెం పోతాదప్పా. మిగతాదంతా బరువే."

"అవతల పార్టీవోళ్లు నీతో ఏమన్నా చేయించినారా?" అన్నాడు చల్లగా.

నా ప్రాణాలు కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కొసకెక్కి కూర్చున్నాయి.

నిజం తేల్చడానికి, పీకల దాకా పొట్టేలు మాంసం, సారాయి పట్టించిన అనుచరులతో జమ్మలమడుగు రోడ్డెక్కాం. అరవై స్పీడు అందుకోడానికి ఎంతసేపు పడుతుందో చూడమని వాచీ నా చేతిలో పెట్టారు. జీపు అరవై అందుకునేలోపే, వెనకనున్న కొండలాంటి మనిషి పెన్నకు వరదొచ్చినట్టు నా నెత్తిన కక్కాడు. అది వెచ్చగా చొక్కాలోకి జారింది. తుడుచుకోబోతే, "ముందు వాచీ చూడు!" అని నాయకుడు గద్దించాడు.

ఆ మనిషిని దించేసి మళ్లీ తోలితే జీపు లేడిలా దూకింది.

"బరువేలేప్పా, నీ తప్పేం లేదు," అంటూ నాయకుడు నా భుజం తట్టబోయి, ముక్కు మూసుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆ కక్కే నా ప్రాణం కాపాడింది. అయినా దాని మీద నాకు రవ్వంత కృతజ్ఞత లేదు. ఈరోజుకీ పొట్టేలు కూర వాసన తగిలితే మెడ వెనక వెచ్చగా, జిగటగా... ఛీ!