ముఖానికి ఒక్క గీత ఎక్కువ

ఆ ఫోటో స్టూడియోలో ఆవిడను అందరూ అక్క అనే పిలుస్తారు. యజమాని సొంత తమ్ముడు కాబట్టి అక్క అంటాడు, వాడిని చూసి పనివాళ్లూ, పనివాళ్లను చూసి వచ్చేపోయేవాళ్లూ అలవాటు పడ్డారు. వయసు యాభై రెండు. కోపం ముక్కు మీదే ఉంటుంది. కళ్లజోడూ అక్కడే కాబట్టి రెంటికీ చోటు చాలక పోట్లాడుకుంటాయని తమ్ముడి వెక్కిరింపు.

ముందు గదిలో తమ్ముడు ఫోటోలు తీస్తాడు, వెనక గదిలో అక్క వాటిని ఒక రూపానికి తెస్తుంది. పెద్ద కెమెరా ఇచ్చేది తయారైన ఫోటో కాదు. దాన్ని వాళ్లు పచ్చి ఫైలు అంటారు. కెమెరా చూసిందంతా అందులో ఉంటుంది కానీ పాలిపోయి, మసకమసకగా ఉంటుంది. దానికి వెలుగెంత, నీడెంత, రంగెంత అని ఒక్కొక్కటే చూసుకుంటూ వండాలి. అక్క ఇరవై ఏళ్లుగా అదే వంట చేస్తోంది. ఆ గది గోడలకు బూడిద రంగు తప్ప మరోటి వేయనివ్వదు, వేరే రంగు కంట్లో పడితే ఫోటో తప్పు కనిపిస్తుందని. ఎర్ర చొక్కా వేసుకుని లోపలికొచ్చిన పాపానికి కరెంటు పనివాణ్ని ఒకసారి చొక్కా మార్చుకు రమ్మని ఇంటికి పంపించింది.

ఆవిడకు ఇంకో పట్టుదల కూడా ఉండేది. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మీట పక్కనా ఒక అంకె కనిపిస్తుంది, వెలుగు ఎన్ని గీతలు పెంచామో చెబుతుంది. ఆ అంకెలు కనపడకుండా పన్నెండేళ్ల కిందటే స్క్రీను అంచున నల్ల టేపు అంటించేసింది. ఎవరైనా అడిగితే, "అంకెలు చూసేవాడు లెక్కల మాస్టారు. నేను మనిషి ముఖం చూస్తాను" అనేది. ఆ మాటంటే ఆవిడకు ఎంత గర్వమో చెప్పలేం.

అలాంటి అక్క కంప్యూటరు కొనఊపిరి మీదికొచ్చింది. కొత్తది కొన్నారు. కొత్తదాంట్లో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కనంది, దాన్ని చేసినవాళ్లు ఎప్పుడో చేతులెత్తేశారట. తమ్ముడు మూడు కొత్తవి ఎక్కించి, "ఏది కావాలో నువ్వే తేల్చు అక్కా, నాలుగింటికల్లా" అన్నాడు. నాలుగింటికి అక్క కూతురు ఫోటోకి వస్తోంది.

ఆ కూతురి సంగతి చెప్పకపోతే ఈ కథకు తలా తోకా ఉండదు. ఆ పిల్ల ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఉద్యోగం పర్మనెంటు అయింది, ల్యాబు గోడ మీద పెట్టడానికి ఫోటో కావాలన్నారు. ఇంట్లో ఇంత స్టూడియో పెట్టుకుని బజారు చివర వేరేచోట తీయించుకుంటానంది. ఆరేళ్లయింది ఆ పిల్ల తల్లి స్టూడియోలో కెమెరా ముందు కూర్చుని. అక్క అగ్గి మీద గుగ్గిలమైంది. "ఊళ్లో ముఖాలన్నీ నా చేతి మీదుగా పోతాయి. నా కూతురి ముఖానికి నా చెయ్యి పనికిరాదా?" అంది. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు కూతురు దిగివచ్చింది, ఒక్క షరతు మీద. "సరే, వస్తాను. కానీ తీశాక నువ్వు దాన్ని ఏమీ చెయ్యకూడదు." ఆ షరతు అక్కకు ముల్లులా గుచ్చుకుంది. ఏమీ చెయ్యకపోతే పచ్చి ఫైలు పచ్చిగానే ఉంటుంది కదా, ఇరవై ఏళ్లు చూసిన పిల్లకు ఆ మాత్రం తెలీదా? కొత్త సాఫ్ట్‌వేర్‌లో అద్భుతంగా చేసి చూపించి దాని నోరు మూయించాలని పంతం పట్టింది. ఈ ఫోటో కుదిరితే కూతురు మళ్లీ తన గదిలోకొస్తుందని ఆశ. ఆ ఆశను కోపం కింద దాచుకుంది.

మధ్యాహ్నం తమ్ముడి బావమరిది దిగాడు. ఫోనైనా ఫ్రిజ్జైనా, ఏది చెడిపోయినా "అప్‌డేట్ చేసి చూడండి" అంటాడని అతనికి అప్‌డేటు అనే పేరు స్థిరపడింది. మూడో సాఫ్ట్‌వేర్ తెచ్చింది అతనే.

పరీక్షకు తమ్ముడు పొద్దున తీసిన ఒక కుటుంబం ఫోటోను అక్క ఎంచుకుంది. తాపీమేస్త్రి, అతని పెళ్లాం, ఇద్దరు పిల్లలు. నలుగురూ ఎండలో పని చేసే నలుపు, ఆపైన నిగనిగ. మొదటి సాఫ్ట్‌వేర్ ప్రతి పనికీ ఇంటర్నెట్టు అడిగింది, అది లేకపోతే కదలనంది. "అడుగు తీసి అడుగెయ్యడానికి పర్మిషనా?" అని దాన్ని పక్కన పడేసింది. రెండోది ఎవరో సరదాగా చేసి ఊరికే ఇచ్చింది. తెర నిండా మీటలు, దేనిదేమిటో తెలియాలంటే నెల పడుతుంది. అయినా చెప్పినంతే చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. అక్క దాన్ని కాసేపు తిప్పి, "మొండిది. నాలాగే ఉంది" అని కొంచెం మెత్తబడింది.

"ఇప్పుడు ఇది చూడండి వదినా" అంటూ అప్‌డేటు మూడోదాంట్లో ఫోటో వేశాడు. మీటల్లేవు. రెప్పపాటులో ఫోటో తయారు. ఆకాశం నీలం, బట్టలు తళతళ. మేస్త్రి పెళ్లాం ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది. మెడ దగ్గర అసలు రంగు, గడ్డం పైన వేరే రంగు.

అక్కకు ఒళ్లు మండిపోయింది. "ఇదేమిటయ్యా? మనిషి ముఖమా, గోడా? ఆవిడ ఏమన్నా తెల్లగా చెయ్యమని అర్జీ పెట్టుకుందా నీకు? పుట్టిన రంగుతో వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు నన్ను నల్లపిల్ల నల్లపిల్ల అని బడికెళ్లనివ్వలేదు వెధవలు. ఇప్పుడు అదే బుద్ధి పెట్టెలో పెట్టి అమ్ముతున్నారా? ఎవడు నేర్పాడు దీనికి ఈ పాడుబుద్ధి?"

అప్‌డేటు నేల చూపులు చూశాడు. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. చివరికి అప్‌డేటే నోరు విప్పాడు.

"అది దానంతట అది చెయ్యదు వదినా. మనం ముందు మన పాత ఫోటోలు ఇవ్వాలి. పచ్చివీ, మనం చేసినవీ పక్కపక్కన పెట్టుకుని మన చేతివాటం నేర్చుకుంటుంది. బావ వారం కిందట అన్నీ ఇచ్చాడు. పన్నెండేళ్లవి. అవన్నీ మీరు చేసినవే."

"అంటే?"

"అంటే... మీరు ఎలా చేస్తారో అలాగే చేసింది."

"నోరు ముయ్. నా మీదకి తోస్తావా?" అని లేచింది అక్క. పాత కంప్యూటరు మూలుగుతూ తెరుచుకోవడానికి పది నిమిషాలు తీసుకుంది. ఈ కుర్రకుంక మొహాన కొట్టి చూపిద్దామని స్క్రీను అంచున ఉన్న నల్ల టేపు పీకేసింది. పన్నెండేళ్లుగా చూడని అంకెలు బయటపడ్డాయి.

బ్యాంకు మేనేజరు కుటుంబం, మేనేజరు భార్య ముఖం మీద వెలుగు సున్నా. కూరగాయలమ్మే ఆవిడ, ఏడు. డాక్టరుగారి అమ్మాయి, సున్నా. ఆటో డ్రైవరు తల్లి, తొమ్మిది. తన సొంత పిన్ని, పది. తెరుస్తూ పోయింది, ఎక్కడా తేడా లేదు. తెల్లగా ఉన్నవాళ్ల జోలికి పోలేదు. నల్లగా ఉన్న ప్రతివాళ్ల ముఖానికీ, ముఖం వరకే హద్దు గీసి, వెలుగు పెంచింది. ముఖం కొంచెం తేటగా రానిద్దాం, ఒక్క గీత అంతే, అనుకునేది ప్రతిసారీ. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ అడగలేదు. తన కన్ను ఆగమన్న చోట ఆగింది.

వద్దనుకుంటూనే కూతురి ఫోటో తెరిచింది. ఆరేళ్ల కిందటిది, చదువు పూర్తయినప్పుడు తీసింది. పన్నెండు గీతలు. అన్నిటికంటే ఎక్కువ. మీట నొక్కితే పచ్చి ఫైలు కనిపిస్తుంది, వదిలితే తను చేసింది. నొక్కింది, వదిలింది. నొక్కినప్పుడు కూతురుంది, వదిలినప్పుడు లేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, ఆ కాకి ఏనాడూ పిల్లకు సున్నం పూయలేదు. అక్కకు తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. అంతకుముందు ఎవరి మీదా రానంత కోపం వచ్చింది, దాన్ని విసిరేద్దామంటే ఎదురుగా ఎవరూ లేరు. తమ్ముడూ అప్‌డేటూ ఎప్పుడు జారుకున్నారో కూడా తెలియలేదు.

నాలుగింటికి కూతురు వచ్చింది. తమ్ముడు ముందు గదిలో నాలుగు ఫోటోలు తీసి, ఫైళ్లు పంపి, వెనక గది వైపు రానేలేదు. కూతురు గుమ్మంలో నిలబడి పాత స్క్రీను మీద ఉన్న తన ముఖాన్ని చూసింది, ఊడదీసిన టేపును చూసింది.

"నీకు తెలుసా?" అంది అక్క.

"తెలుసమ్మా. అప్పుడే తెలుసు."

"మరి నోరు పడిపోయిందా నీకు? ఆరేళ్లు. ఒక్క మాట అనకూడదూ?"

"ఏమనను? నువ్వు దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టావు. వచ్చినవాళ్లందరికీ చూపించావు. అందరూ ఎంత బాగుందో అన్నారు. నన్ను పక్కన పెట్టుకునే అన్నారమ్మా."

జవాబు తోచనప్పుడు అక్కకు అరవడం ఒక్కటే వచ్చు. "అయితే తిట్టు. ఇప్పుడు తిట్టు. నన్ను నాలుగు దులిపెయ్యవే, అలా గుడ్లప్పగించి నిలబడతావేం?"

"అప్పుడు చాలా కోపం ఉండేదమ్మా. ఇప్పుడు లేదు. అయిపోయింది" అంది కూతురు. గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు. తిట్టినా బాగుండేదనిపించింది అక్కకు.

అప్‌డేటు గుమ్మంలో తల పెట్టి, "మూడోది ఉంచమంటారా వదినా?" అని గొణిగాడు.

"తీసెయ్. నా దగ్గర నేర్చుకున్న బుద్ధి ఇంకెక్కడా బతకనక్కర్లేదు" అంది. అతను మాయమయ్యాడు.

రెండోదాంట్లో, ఆ మొండిదాంట్లో, కూతురి కొత్త ఫోటో తెరిచింది. రంగు సరిచేసింది, చొక్కా తెలుపును తెలుపు చేసింది, వెనక గోడ బూడిదను బూడిద చేసింది. అంతవరకే. ఇప్పుడు ఆ ముఖం ఎదురుగా ఉన్న ముఖం లాగే ఉంది. రంగులు సరిచూసుకునే కొలత కాగితాన్ని పక్కన పెట్టినా సరిపోతుంది. అక్క చేతిని మౌసు మీదే ఉంచి చాలాసేపు చూసింది.

"నా కంటికి ఇప్పటికీ కొంచెం మసకగానే ఉందే" అంది చివరికి. కోపంగానే అంది.

కూతురు పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

అక్క మౌసు కూతురి వైపు తోసేసింది. "నువ్వే ప్రింటు ఇచ్చుకో. తొందరగా. నా చెయ్యి పడకముందే."