తిరిగొచ్చిన గిజిగాడు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను ఒక చెంపదెబ్బ కొట్టింది. ఆమె పోయి యాభై ఏళ్లు దాటింది. ఆ దెబ్బను నేను ఇంకా క్షమించలేదు. ఉన్న మాట అన్నందుకు కొట్టింది కనుక, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మేము అఫ్జల్‌గంజ్‌లో మా దుకాణం వెనకనే ఉండేవాళ్లం. ఆ వానాకాలం మా తమ్ముడికి పట్టుకున్న జ్వరం దిగలేదు. హకీము మందు, డాక్టరు మందు రెండూ అయ్యాయి. అప్పుడు నాయనమ్మ చుట్టుపక్కల ఇళ్లలో చేసే పద్ధతి పట్టుకుంది. ప్రతి శుక్రవారం పిట్టలు పట్టేవాడు పంజరంతో వచ్చేవాడు. ఆమె ఒక్కో పిట్టను తమ్ముడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి గుప్పిట విప్పేది. ఎగిరిపోయే పిట్ట రోగాన్ని కూడా తీసుకుపోతుందని నమ్మకం. రెక్కల చప్పుడు వినగానే తమ్ముడు నవ్వేవాడు. అందుకని నేనూ నమ్మాను.

పక్కింటి చాచా సర్కారువారి వ్యవసాయ కచేరీలో పనిచేసేవాడు. రోజూ సైకిల్ మీద మలక్‌పేట అవతలి జొన్నచేలకు పోయి, ఏ పిట్ట గింజ తింటోంది, ఏ పిట్ట పురుగు తింటోంది అని చూసి రాసుకోవడమే ఆయన పని. గల్లీలో అందరూ దానికి నవ్వేవాళ్లు. ఒక శుక్రవారం ఆయన మా వాకిట్లోకి వచ్చి, పసుపు తల ఉన్న ఒక గిజిగాడిని అడిగి తీసుకుని, దాని కాలికి ఆకుపచ్చ దారం కట్టాడు. నాయనమ్మ అది దర్గా నుంచి తెచ్చిన దారం అనుకుని దండం పెట్టుకుంది. చాచా పిట్టను ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు, ఆమె దాన్ని కూడా తిప్పి వదిలింది.

తరువాతి శుక్రవారం పంజరంలో ఒక మూల ముడుచుకుని కూర్చున్న పిట్ట కాలికి అదే దారం కనిపించింది.

“నాయనమ్మా, గిది మనం ఇడిసిన పిట్టనే. మల్ల వచ్చింది,” అన్నాను.

పిట్ట తిరిగొస్తే, అది తీసుకుపోయింది కూడా తిరిగొచ్చినట్టే. తమ్ముడు మంచం మీద నుంచి మా వైపే చూస్తున్నాడు.

“నీ నోట్ల మన్నువడ, పోరడు ఇంటుండు,” అంటూ నాయనమ్మ కొట్టింది.

పిట్టలవాడు మాత్రం తడబడలేదు. “పిట్ట యాడికి పోతదమ్మా, దాని చేనుకే పోతది. నా వల గూడ ఆడనే ఉంటది గద,” అన్నాడు.

సంగతి తెలిసి, మరునాడు చాచా మా నాన్నను అడిగి నన్ను చేలకు తీసుకుపోయాడు. ఈతచెట్లకు గిజిగాళ్ల గూళ్లు గాలికి ఊగుతున్నాయి. ఒక్క కూత కూడా లేదు. కింద పడి ఉన్న గూడును ఆయన చీల్చి చూపించాడు. లోపల రెక్కలు రాని పిల్లలు, వాటి మీద చీమలు. పక్కన జొన్న ఆకులు జల్లెడలా ఉన్నాయి. వాటి నిండా పురుగులు.

“పెద్ద పిట్ట గింజలు తింటది బేటీ, అబద్ధం చెప్పను. పిల్లలకు మాత్రం పురుగులే తెచ్చి పెడతది. తల్లిదండ్రులు పంజరంల ఉంటే వీటికి ఎవరు పెట్టాలె? పట్నంల ఎన్ని ఇండ్లల్ల పిలగాండ్లకు జరమొచ్చిందో, చేనుల గన్ని గూళ్లు సల్లబడ్డయి,” అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన మా గడప బయటనే నిలబడి నాయనమ్మకు అంతా చెప్పాడు. “దారం నేను కట్టిన అమ్మా, పిట్ట యాడికి పోతదో చూద్దామని. పిల్ల తప్పేం లేదు. ఇగ పిట్టలను కొనకు.”

“ఆడ పిట్టపిల్లలు, ఈడ నా మనుమడు. నాకు ఎవరు ఎక్కువ, నువ్వే చెప్పు భాయ్,” అంది నాయనమ్మ. చాచా తల వంచుకుని వెళ్లిపోయాడు.

తరువాతి శుక్రవారం రెండు పంజరాలు వచ్చాయి. తమ్ముడు నవ్వలేదు. ఒక్కో పిట్టను తల చుట్టూ తిప్పుతుంటే, వాడు దాని కాళ్ల వైపే చూస్తున్నాడు. దసరా రాకముందే పోయాడు.

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ నాయనమ్మ నా ఎదుటే చెప్పింది: “ఆ పొద్దు దీని నోరు ఊకుంటే నా మనుమడు బతుకుతుండె.” దారం నాది అని చాచా అందరిలో మళ్లీ అన్నాడు. ఎవరూ వినలేదు. మా నాన్న కూడా నా తరఫున ఒక మాట మాట్లాడలేదు. అదీ గుర్తుంది.

విడిచిపెట్టే ప్రతి పిట్టనూ ముందు ఎవరో వల వేసి పట్టి ఉంటారని నాకు నేర్పింది చాచా. నా బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు మా అత్త పిట్టలను తెప్పించమంది. నేను వినలేదు, ఎంత లొల్లి అయినా వినలేదు. బిడ్డకు నయమైంది. చాచా మాటే నిజమని నాకు తెలుసు, ఎవరితోనైనా వాదిస్తాను. కానీ బిడ్డ మంచం పక్కన కూర్చున్న ఆ నాలుగు రోజులూ నేను పళ్లు బిగించుకునే ఉన్నాను. ఇప్పటికీ జ్వరంతో ఉన్న పిల్లల దగ్గర నేను నోరు విప్పను.