స్కేలు మార్చిన గీత

చోడవరంలో విశాఖ బస్సెక్కి, పదో తరగతి పిల్లల గ్రాఫ్ పేపర్లు దిద్దుకుంటున్నాను. పక్కసీట్లోని నడివయసు మనిషి చాలాసేపు వాటినే చూశాడు.

"ఒకటే లెక్క కదా మాస్టారూ. ఈడి గీత దబ్బున పడిపోతంది, ఆడిది మెల్లగా దిగతంది. ఏటది?"

"నిలువు అక్షం మీద ఒక్కో గడికి ఎంత విలువ తీసుకున్నారన్నదే తేడా. దాన్నే స్కేలంటాం."

ఆ రెండు కాగితాలనీ మార్చి మార్చి చూసి అన్నాడు. "నా కూతురండి, మా గుంటదీ పదో తరగతే. కిడ్నీలు పాడైపోయేయి. టెస్టు సేసినప్పుడల్లా ఎంత శాతం పనిసేస్తన్నాయో గ్రాఫు గీసి గోడకంటిస్తంది. అది సూసుకుని అన్నం మానేసింది. మెల్లగా దిగినట్టు గీసిస్తారేటి?"

అతను చెప్పిన అంకెలతోనే, స్కేలు మార్చి గీసిచ్చాను. గీత నెమ్మదిగా వాలింది. అతను దాని వెంబడి వేలు పోనిచ్చాడు.

"కిందకి ఎప్పుడు తగుల్తాదండి?"

"స్కేలు మారినా అది మారదు. అదే నెలలో."

"దానికీ తెలిసిపోద్ది. లెక్కల్లో ఫస్టండి," అన్నాడు. అయినా కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, ఆసుపత్రి దగ్గర దిగిపోయాడు.

గీతను అడ్డ అక్షం తాకేదాకా పొడిగించమని పిల్లలకు చెప్పాల్సిన చోట, ఇప్పటికీ నా సుద్దముక్క అక్షానికి ఒక గడి పైనే ఆగుతుంది.