కారు లేని షెడ్డు

మా పెద్దమ్మ పోయింది. ఫోను చేసి చెప్పిన ఆమె మరిది కొడుకు ఆ ఒక్క మాటతో ఆగలేదు. "అక్కా, షెడ్డులో సామానంతా తీయించేత్తన్నాను. ఒకపాలొచ్చి సూసుకో" అన్నాడు. ఇంకా మనిషిని ఇంట్లోంచి తీసుకెళ్లనే లేదు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

అరసవల్లి వెళ్లే దారిలో, పెద్దమ్మ వాళ్ల ఇంటి పక్కన ఉన్న రేకుల షెడ్డు అది. తన నల్ల కారు కోసం పెదనాన్న కట్టించాడు. తెల్లారగట్ల, జనం లేని వేళ చూసుకుని, ఆ దారిలోనే పెద్దమ్మకు కారు నడపడం నేర్పాడు. అరవైల చివర్లో ఆయన ఉన్నట్టుండి పోయాడు. ఏడాది తిరక్కుండానే, పక్క వాటాలో ఉండే మరిది ఆ కారు అమ్మేశాడు. మొగుడు పోయిన మనిషికి కారేటని ఆయన వాదన.

అప్పుడు నేను కాలేజీలో చదువుతూ పెద్దమ్మ దగ్గరే ఉండేదాన్ని. కొన్నవాళ్లు వచ్చేసరికే ఆమె కారు హారనూ, ఒక చక్రం మూతా, స్టార్టు చేయడానికి ముందు పెట్టి తిప్పే హేండిలూ తీసి దాచేసింది. హేండిలు ఏదని వాళ్ల డ్రైవరు అడిగాడు.

"మా మరిది అమ్మింది కారు. హేండిలు కూడా అమ్మినాడని నాతో సెప్పలేదు" అంది.

పాపం, వాళ్లు కారును వీధి చివరిదాకా తోసుకుంటూ పోయారు.

ఆ తర్వాత ఖాళీ షెడ్డును ముస్తాబు చేయడం మొదలుపెట్టింది. పెదనాన్న పొందూరు పంచెలు ఎవరికైనా ఇచ్చేయమని బంధువులు పోరుతుంటే, వాటిని మూడు మూలల జెండాలుగా కత్తిరించింది. ఇద్దరం కూర్చుని జెండాకో కారు కుట్టాం, ఎర్రదీ, ఆకుపచ్చదీ, ఎక్కడా కనిపించని వంగపండు రంగుదీ. టైర్ల కొట్టు కేలండర్లలోని కార్ల బొమ్మలు గోడల నిండా అంటించాం. హేండిలును ఎదురుగోడకు మేకులు కొట్టి నిలబెట్టింది. నేను కట్టిన జెండా ఒకటి మాత్రం విప్పించింది.

"ఒసే, కారు ముక్కు ఈదివేపు ఉండాల. లోపలికి తిరిగిందంటే ఇంటికొచ్చీసినట్టే కదా."

సాయంత్రాలు అక్కడే కుర్చీ వేసుకుని పేపరు చదివేది. వీధిలో లారీ పోతే హారను నొక్కి పలకరించేది. మతి చెడిందని చుట్టుపక్కల వాళ్లు అనుకునేవారు. ఆమె ఆ మాటలు విని ఇంకో జెండా కుట్టేది.

ఆ దసరాకు ముందు మరిది కబురు పెట్టాడు. జెండాలు పీకించి, షెడ్డులో ధాన్యం బస్తాలు వేయిస్తాడట. పండగనాడు పెద్దమ్మ తలంటుకుని షెడ్డు కడిగింది. కుంకుమ జోలికి పోకూడదని ఆమెకు ఎంతమంది చెప్పారో. ఆ కుంకుమలోనే వేలు ముంచి హేండిలుకు బొట్టు పెట్టింది. చక్రాలు నిలిచిన చోట్ల నేల మీద మరకలు ఇంకా ఉన్నాయి. ఒక్కో మరక మీద ఒక్కో నిమ్మకాయ పెట్టింది.

మరిది గుమ్మంలోకి వచ్చాడు. "కారే లేదు. ఆయుధపూజేటి వదినా?"

"కారు లేదు. నానున్నాను కదా" అని, ఆ కాయలను ఒక్కొక్కటే కాలితో నలగదొక్కింది. "బస్తాలు దించుకో బాబూ. ఇయ్యి దాటుకొచ్చి దించుకో."

పూజ చేసి తొక్కిన నిమ్మకాయను దాటే ధైర్యం ఎవరికుంటుంది? ఆయన గుమ్మం దగ్గర్నుంచే వెళ్లిపోయాడు. ఆ ఏడాది బస్తాలు ఆయన వరండాలోనే పడి ఉన్నాయి.

"వోడికి నానంటే బయం లేదే. నిమ్మకాయంటే ఉన్నాది" అని పెద్దమ్మ రాత్రి అన్నం తింటూ ఒకటే నవ్వింది. అప్పటినుంచి ఏ దసరాకీ ఆ మరకలు కాయలు లేకుండా లేవు.

ఇది నాది అని గొంతెత్తి చెప్పడం నాకు చదువు నేర్పలేదు, ఆమె నేర్పింది. తర్వాత ఉద్యోగంలో నన్ను పక్కకు జరపాలని చూసిన ప్రతిసారీ ఆ షెడ్డే గుర్తొచ్చి గట్టిగా నిలబడ్డాను. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఇక్కడ అంటున్నాను.

నిన్న వెళ్లాను. ఆమె మరిది కొడుకు కూలీలను పిలిచి సిద్ధంగా ఉన్నాడు. హారను రబ్బరు ఎండి పగిలింది. జెండాలు వెలిసిపోయాయి, కార్లన్నీ ఇంకా వీధి వైపే చూస్తున్నాయి. మైలలో బొట్టేమిటని ఎవరో అంటున్నారు. హేండిలుకు బొట్టు పెట్టాను. మరకల మీద నిమ్మకాయలు పెట్టి, చెప్పులు విప్పి, నాలుగూ తొక్కాను.

కూలీలు గుమ్మం బయటే ఆగిపోయారు. నేను పెద్దమ్మ కుర్చీ లాక్కుని, వీధి వైపు తిరిగి కూర్చున్నాను.