చొప్పకుప్ప పక్కన తీతువ

"జరుగవే, ఆ తీతువను ఫోటో తీసుకొని పోత" అన్నడు దొర ఇంటికొచ్చిన పట్నం చుట్టం, కెమెరా పట్టుకొని.

"ఇక్కణ్ణుంచే తీసుకోండ్రి దొరా. గుడ్ల మీదున్న తీతువను లేపితే ఇంటికి అరిష్టం" అన్నది మా అమ్మ.

"గింత దూరం నుంచి తీస్తే పిట్ట ఈగంత పడ్తది."

"అయితే ఈగనే సూసుకోండ్రి."

సాయుధ పోరాటం నాటి ముచ్చట ఇది. తొర్రూరు దగ్గర మా చెలకల, ఆ పిట్ట వెనుకనున్న చొప్పకుప్పల మా అన్న దాక్కున్నడు. దళంల తిరిగేటోడు. నేను అమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డ. అమ్మ జరగలే. ఆయన విసుక్కొని గట్టు మీది నుంచే ఫోటో తీసుకొని పోయిండు. అంతగా అడ్డం నిలబడ్డందుకు ఆయనకు అనుమానం వచ్చి ఉంటదని, అమ్మ చీకటి పడంగనే అన్నను పంపించేసింది.

తెల్లారి పోలీసులొచ్చి కుప్పంతా పీకేసిండ్రు. అన్న దొరకలే. తీతువ గుడ్లు వాళ్ల బూట్ల కింద పగిలిపోయినయి.