అటక మీది గొట్టం

ఉత్తరాది మంచుదేశంలో, లిక్సెలె పట్నం అవతలి అడవి పల్లెలో చలికాలమంటే పొయ్యి చుట్టూ తిరిగే బతుకు. రాగ్నా పెళ్లయిన నాటి నుంచీ రోజూ పొద్దున్నే నేలమాళిగలోకి దిగి, ఇంటిని వెచ్చబరిచే నీళ్ల బాయిలరులో కట్టెలు వేసేది. భర్త ఆల్గాట్ తుంటి విరిగి మంచాన పడ్డాక కట్టెలు కొట్టడమూ ఆమె మీదే పడింది. ఆమె అవస్థ చూడలేక, వేసవిలో అతను బాయిలరు పక్కన మనిషి ఎత్తును మించిన వేడినీళ్ల ట్యాంకు పెట్టించాడు. ఒకసారి గట్టిగా మండిస్తే చాలు, ఆ నీళ్ల వేడితోనే ఇల్లు రెండు రోజులు వెచ్చగా ఉంటుంది.

"ఇక రోజూ చావక్కర్లేదే. హాయిగా పడుకో," అన్నాడు.

"నేను పడుకుంటే నీకు కాఫీ ఎవడిస్తాడయ్యా?" అంటూనే పడుకుంది. ఎన్నేళ్లకో కంటినిండా నిద్రపోయింది. తప్పా?

తప్పు వేరే చోట జరిగింది. వేడెక్కి ఉబ్బిన నీళ్లు పోవడానికి ఓ గొట్టం అటక మీది తొట్టెలోకి వెళ్తుంది. రోజూ మంట ఉన్నంతకాలం అది చల్లబడలేదు. ఇప్పుడు ఎముకలు కొరికే చలిలో రెండు రోజులు మంట లేకపోయేసరికి అందులో నీళ్లు గడ్డకట్టి దారి మూసుకుపోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు, ఖర్మ!

ఆ పొద్దున రాగ్నా బాయిలరు నిండా ఎండు కట్టెలు కూరి వెలిగించి, పైకొచ్చి ఆల్గాట్‌కి జావ పెడుతోంది. గోడలో ఠక్కుమంది. మళ్లీ ఠక్కుమంది. మంచం పక్క నుంచి అటకకు పోయే గొట్టాన్ని ముట్టుకుంది. వేడిగా ఉండాల్సింది మంచుగడ్డలా ఉంది.

మెట్ల తలుపు మూసి కిందికి పరుగెత్తింది. ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. నీళ్లు వదిలే కుళాయి తిప్పబోతే, తుప్పుపట్టిన పిడి చేతిలోకి ఊడొచ్చింది. ఇక నిప్పు తీసి పారెయ్యడమే దారి. పారతో నిప్పులు బకెట్లోకి తోడి, నేలమాళిగ పెరటి తలుపులోంచి మంచులో కుమ్మరించి, మళ్లీ లోపలికి దూరింది. ట్యాంకు మూలిగింది.

పైన ఆల్గాట్ కర్రతో నేల బాదాడు. "ఒసేయ్ రాగ్నా! పేలిపోతుందే! బయటికి పో!"

"నిన్నొదిలేసా?"

"నా సంగతి నీకెందుకే మొండిదానా! పో!"

"నువ్వు దిగిరా, అప్పుడు పోతా!" అని అరిచి మళ్లీ పార అందుకుంది.

ఎన్ని బకెట్లు మోసిందో ఆమెకే తెలియదు. పొయ్యి నల్లబడింది. ముల్లు ఆగింది, కాసేపటికి రవ్వంత వెనక్కి జరిగింది. రాగ్నా నేల మీద కూలబడి ఏడ్చేసింది.

"అయిపోయిందయ్యా! బతికిపోయాం!" అని కేకేసింది.

కర్ర చప్పుడు ఎప్పుడాగిందో ఆమె గమనించలేదు. గబగబా మెట్ల దగ్గరికి వెళ్లి చూసింది. పైన మెట్ల తలుపు బార్లా తీసి ఉంది. ఆల్గాట్ మెట్ల మధ్య తలకిందులుగా పడి ఉన్నాడు.

"రమ్మంటే వచ్చేశావా, పిచ్చిమనిషీ," అంటూ తల ఒళ్లోకి తీసుకుంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.